'ఎంత?' అని అడగని ముచ్చట: ఫ్లోరైడ్, ఫోను, నల్లగొండ

మొన్న ఎండాకాలం ఒకే పొద్దున మా ఇంటి గ్రూపులో రెండు మెసేజులు వచ్చాయి. మొదటిది హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు పెట్టిన వీడియో. అందులో ఒకాయన టూత్‌పేస్టు ట్యూబు పట్టుకుని, "ఇందులో ఉన్న ఫ్లోరైడ్ విషం, అమెరికాలోనే నిషేధించారు, మనకు మాత్రం అంటగడుతున్నారు" అని గట్టిగా చెప్తున్నాడు. పావుగంటలో మా బావ దానికి జవాబు పెట్టాడు: ఫ్లోరైడ్ పళ్లను కాపాడుతుంది, డాక్టర్లంతా ఒప్పుకున్నదే, భయపెట్టేవాళ్లను నమ్మొద్దు. ఇద్దరికీ సాయంత్రం దాకా పడింది. మధ్యలో మర్రిగూడ దిక్కు ఊళ్లో ఉండే మా పెద్దమ్మ ఒక వాయిస్ మెసేజ్ పంపింది. ఆమె పళ్ల మీద చిన్నప్పటి నుంచి గోధుమరంగు చారలున్నాయి. మోకాళ్లు పట్టేసి కింద కూర్చోక చాలా ఏండ్లయింది. "అవు బిడ్డా, మన బోరు నీళ్లల్ల ఉన్నదీ గదేనాయె, పేస్టుల ఉన్నదీ గదేనాయె. మరి ఒకటి మంచిదెట్ల, ఒకటి చెడ్డదెట్ల?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ రోజు గ్రూపులో వచ్చిన అన్ని మెసేజుల్లో సైన్సు ప్రశ్న అనదగ్గది అదొక్కటే.

ఫ్లోరైడ్ మీద తిరిగే పోస్టులను నేను కొన్నేళ్లుగా దాచిపెట్టి చూస్తున్నాను. వాటిలో పచ్చి అబద్ధాలు నేననుకున్న దానికన్నా తక్కువ. ఎక్కువ భాగం నిజమైన వాక్యాలే, కాకపోతే వాటి నుంచి కొలతను ఎవరో కత్తిరించేశారు. ఎంత, ఎన్నాళ్లు, ఏ వయసువాళ్లకు అనేవి పోయాక మిగిలిన వాక్యం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. సోషల్ మీడియాలో సైన్సు ముచ్చట ఎందుకు చెడుతోందో తెలుసుకోవడానికి నల్లగొండ వాళ్లం దూరం పోనక్కర్లేదు. ఈ ఒక్క మాట చాలు.

ఫ్లోరిన్, ఫ్లోరైడ్, పీపీఎం: ముందు మాటలు తేలాలి

ఫ్లోరిన్ ఒక మూలకం. విడిగా ఉంటే లేత పసుపు వాయువు. అది దాదాపు దేనితోనైనా చర్య జరుపుతుంది, అందుకే ప్రకృతిలో విడిగా దొరకడం చాలా అరుదు. వేరే మూలకాలతో కలిసిన రూపమే ఫ్లోరైడ్. రాళ్లలో, నీళ్లలో, టీ ఆకులో, పేస్టులో ఉన్నది అదే. పెద్దమ్మ అన్నది నిజమే: బోరు నీళ్ల నుంచైనా పేస్టు నుంచైనా చివరికి పంటికి తగిలేది ఒకే ఫ్లోరైడ్. "సహజమైన ఫ్లోరైడ్ మంచిది, ఫ్యాక్టరీలో చేసింది చెడ్డది" అని ఒక పోస్టు తరచూ వస్తుంటుంది. మన జిల్లాలో ఆ మాట ఎవరూ అనకూడదు. ఇక్కడ మనుషుల నడుములు వంచింది పూర్తిగా సహజమైన ఫ్లోరైడే.

ఇక పీపీఎం. పది లక్షల వంతుల్లో ఒక వంతు అని అర్థం. లీటరు నీళ్లు సుమారు కిలో బరువు, కిలో అంటే పది లక్షల మిల్లీగ్రాములు. కాబట్టి లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉంటే అది ఒక పీపీఎం. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మేలని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని చెప్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 1.5.

హద్దు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వచ్చేది ఫ్లోరోసిస్. అందులోనూ రెండు రకాలున్నాయి, పోస్టుల్లో వీటిని కలిపేస్తుంటారు. పళ్ల ఫ్లోరోసిస్ పళ్లు లోపల తయారయ్యే చిన్న వయసులోనే, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపే వస్తుంది. పెద్దయ్యాక ఈ నీళ్ల ఊరికి కోడలిగా వచ్చిన మనిషి పళ్లకు ఆ చారలు రావు. ఎముకల ఫ్లోరోసిస్ వేరు. అది ఏ వయసులోనైనా మెల్లగా ఎక్కుతుంది. కీళ్లు పట్టేయడంతో మొదలై, ముదిరితే వెన్ను కర్ర లాగా బిగుసుకుపోతుంది. వంగిన ఎముకను తిరిగి చక్కగా చేసే మందు లేదు.

మన నేలలోకి ఎట్లా వచ్చింది, ఆ సంగతి ఎప్పుడు తెలిసింది

నల్లగొండ, మహబూబ్‌నగర్ నేల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు, దాని జాతి రాళ్లు. వాటిలోని కొన్ని ఖనిజాలు, ముఖ్యంగా ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం, ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఉంటాయి. రాతి పగుళ్లలో నీళ్లు ఏళ్లకేళ్లు నిలిస్తే అది కొంచెం కొంచెంగా కరుగుతుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్‌తో కలిసి గట్టిపడి అడుగున పడుతుంది. కాల్షియం తగ్గి బైకార్బనేటు పెరిగిన నీళ్లలో మాత్రం కరిగే ఉండిపోతుంది. అందుకే ఒకే ఊళ్లో ఈ గల్లీ బోరుకూ ఆ గల్లీ బోరుకూ పొంతన ఉండదు. "మా ఊళ్లో ఫ్లోరైడ్ లేదు" అనే వాక్యానికి అర్థం తక్కువ. ఏ బోరు, ఏ నెల అని కూడా చెప్పాలి.

మన దేశంలో ఈ జబ్బును పుస్తకాలకెక్కించింది 1937లో, నెల్లూరు జిల్లా రోగులను చూసి. నల్లగొండ గురించిన పరిశోధన 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోవడం మీద హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి ప్రపంచమంతటా పేరు నల్లగొండ టెక్నిక్.

ఈ తేదీలు చెప్పడానికి కారణం ఉంది. "వాట్సాప్ రాకముందు సైన్సు పద్ధతిగా ఉండేది" అని బాధపడేవాళ్లున్నారు. పద్ధతిగానే ఉండేది, ఇంగ్లిష్‌లో, లండన్ పత్రికల్లో. 1955లో అచ్చయిన సంగతి మా తాతకు ఎవరూ చెప్పలేదు. ఆయన అదే బావి నీళ్లు తాగుతూ పోయాడు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీచేస్తే, బ్యాలెట్ పేపరు పుస్తకమంతయితే, అప్పుడు దేశం ఈ నీళ్ల దిక్కు చూసింది. పరిశోధనకూ ఆ బ్యాలెట్‌కూ మధ్య నలభై ఏండ్లు పోయాయి. ఇప్పటి గోల గురించి మాట్లాడేటప్పుడు అప్పటి మౌనాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి.

అమెరికాలో కలుపుతారు, నల్లగొండలో తీసేస్తారు

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నకు వద్దాం.

1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణం కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. కొద్దిగా ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో పిల్లల పళ్లు తక్కువగా పుచ్చుతున్నాయని అప్పటికే గమనించారు. ఇప్పుడు అక్కడ కలిపే మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. ఒక మనిషి రోజుకు రెండు లీటర్లు తాగితే అందేది 1.4 మిల్లీగ్రాములు.

మన దగ్గర ఒక బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉందనుకోండి. మే నెలలో పత్తి చేను దున్నడానికో ఉపాధి పనికో పోయిన మనిషి ఐదు లీటర్లు అవలీలగా తాగుతాడు. అంటే రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆ అమెరికా మనిషికి పద్నాలుగు రెట్లకు పైగా. వంట నీళ్లు, చాయ్ ఈ లెక్కలోకి రానేలేదు. అక్కడ కలపడం, ఇక్కడ తీసేయడం రెండూ ఒకే సైన్సు నుంచి వచ్చిన పనులే. ఎండ ఎక్కువున్న చోట మనిషి ఎక్కువ తాగుతాడు కాబట్టి, నీళ్ల మీద రాసిన అంకె ఒక్కటే అయినా ఒంట్లోకి పోయేది వేరు.

పేస్టు సంగతి చూద్దాం. "పేస్టులో వెయ్యి పీపీఎం, మన బోరులో నాలుగే. పేస్టు 250 రెట్లు విషం" అని ఒక లెక్క ఈమధ్య బాగా తిరిగింది. రెండు అంకెలూ సరైనవే. భాగహారం కూడా సరైనదే. కానీ పీపీఎం గాఢతను చెప్తుంది, ఒంట్లోకి పోయిన మొత్తాన్ని కాదు. వెయ్యి పీపీఎం పేస్టు ఒక గ్రాములో ఉండేది ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్. బఠాణీ గింజంత పేస్టు సుమారు పావు గ్రాము, అందులో పావు మిల్లీగ్రాము. అదీ చాలావరకు ఉమ్మేస్తాం. నీళ్లను ఉమ్మేయం. కారం చెంచాడు తింటే నోరు మండుతుంది, కుండెడు కూరలో అదే చెంచాడు పడితే తెలియదు. గాఢతకూ మొత్తానికీ తేడా వంటింట్లో అందరికీ తెలిసిందే, ఫోనులోకి వచ్చేసరికి మరచిపోతాం.

అయినా పేస్టును అనుమానించేవాళ్లను పూర్తిగా కొట్టిపారేయలేం. మూడేళ్ల పిల్ల ఉమ్మేయదు, మింగుతుంది, తియ్యగా ఉంటే ఇంకా అడుగుతుంది. టీవీ ప్రకటనలో చూపినట్టు బ్రష్షు నిండా పెడితే గ్రాము దాకా పడుతుంది. బోరు నీళ్లలో ఇప్పటికే ఎక్కువున్న ఊళ్లో ఆ పిల్లకు ఇది కూడా తోడవుతుంది. అలాంటి ఊళ్లలో చిన్నపిల్లలకు ఫ్లోరైడ్ లేని పేస్టే మేలనే వాదన ఉంది. పుచ్చుపళ్లు కూడా బాధే కదా, బియ్యపు గింజంత పెట్టి పెద్దవాళ్లు దగ్గరుండి తోమించాలనే వాదన కూడా ఉంది. రెండిటికీ కారణాలున్నాయి. మా తమ్ముడి వీడియోలో గానీ మా బావ పోస్టులో గానీ ఈ పిల్ల లేదు.

ఐక్యూ నివేదిక ఎన్ని చేతులు మారింది

"అమెరికా నిషేధించింది" అనే మాటకు మూలం ఉంది. 2025లో యూటా రాష్ట్రం కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలపడాన్ని నిషేధించింది. ఆ తర్వాత ఫ్లోరిడా కూడా అదే చేసింది. నిషేధించింది నీళ్లలో కలపడాన్ని, ఆ రాష్ట్రాల వరకు. పేస్టును కాదు.

దీని వెనక చర్చకు బలమిచ్చింది అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024 ఆగస్టులో ఇచ్చిన నివేదిక. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్‌కూ పిల్లల్లో తక్కువ ఐక్యూకూ (తెలివితేటల కొలతకూ) సంబంధం ఉందని 'మధ్యస్థ నమ్మకం'తో చెప్పింది. అమెరికా కలిపే 0.7 దగ్గర ఏమవుతుందో తేల్చడానికి సమాచారం చాలదని కూడా రాసింది.

'మధ్యస్థ నమ్మకం' మామూలు మాట కాదు, కొలిచి వాడిన మాట. ఒక ఊరికి నది నీళ్ల కుళాయి ఉంది, రోడ్డు ఉంది, హైస్కూలు ఉంది. పక్క ఊరు బోరు నీళ్ల మీద ఉంది, బడి ఐదో తరగతి దాకే. రెండో ఊరి పిల్లలకు మార్కులు తక్కువొస్తే అది నీళ్ల వల్లా, బడి వల్లా, తిండి వల్లా? మంచి పరిశోధనలు ఈ తేడాలను లెక్కలో తీసేయడానికి చాలా కష్టపడతాయి. ఎంత కష్టపడ్డా కొంత మిగులుతుంది. ఆధారాలన్నీ ఒకే దిక్కు చూపుతున్నా ఆ మిగిలిందాన్ని ఒప్పుకోవడమే 'మధ్యస్థ' అనే మాట.

ఇక్కడి నుంచి వాదనలు చీలాయి. 0.7 దగ్గర హాని కనిపించలేదు, పళ్లకు లాభం కనిపించింది, మానేస్తే పేద పిల్లల పళ్లు పాడవుతాయని దంతవైద్య సంఘాలు అంటున్నాయి. 1.5కూ 0.7కూ మధ్య దూరం తక్కువ, గర్భిణులకూ పసిపిల్లలకూ ఆ దూరం చాలదు, పేస్టు అందరికీ దొరుకుతున్నప్పుడు నీళ్లలో ఎందుకని రెండో పక్షం అడుగుతోంది. 2024 సెప్టెంబరులో ఒక అమెరికా ఫెడరల్ జడ్జి ఈ ముప్పు మీద అక్కడి పర్యావరణ సంస్థ చర్య తీసుకోవాలని తీర్పు ఇచ్చారు. అదే తీర్పులో హాని కచ్చితమని తాను చెప్పడం లేదని కూడా రాశారు. ఇది చదువుకున్నవాళ్ల మధ్య నిజంగా నడుస్తున్న వాదన.

అదే సంగతి మా గ్రూపుకు చేరేసరికి ఎట్లయిందో చూడండి. నివేదికలో "1.5కు మించితే, మధ్యస్థ నమ్మకంతో" అని ఉంది. హెడ్డింగులో "ఫ్లోరైడ్‌తో ఐక్యూ తగ్గుతుంది" అయింది. రీలులో "మీ పిల్లల మెదడును చంపుతున్న పేస్టు" అయింది. ఒక్కో చేతిలో ఒక్కో కొలత రాలిపోయింది. నాకు బాధ కలిగించింది ఇంకొకటి. ఆ నివేదిక తూచిన పరిశోధనల్లో చాలా భాగం చైనా, ఇండియా వంటి దేశాల్లో సహజంగానే ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లవి. 1.5 దాటిన నీళ్లు అంటే మన పాత బోర్లే. ఆ కాగితం మాట్లాడింది మన గురించి, భయపెట్టింది మాత్రం హైదరాబాద్‌లో శుద్ధిచేసిన నీళ్లు తాగుతూ పేస్టు వాడే మా తమ్ముడిని.

గ్లాసులో రెండు కడ్డీలు

రెండేళ్ల కింద పెద్దమ్మ ఇంటి అరుగు మీద జరిగింది ఇది. నేనక్కడే ఉన్నాను. ఒక వాటర్ ఫిల్టర్ కంపెనీ నుంచి కుర్రాడు వచ్చాడు. రెండు గాజు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో తాను తెచ్చిన ఫిల్టరు నీళ్లు పోశాడు. నాలుగు కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండు గ్లాసుల్లోకీ దించి కరెంటు పెట్టాడు. రెండు నిమిషాలు కాకముందే బోరు నీళ్లు పసుపుగా, తర్వాత ఆకుపచ్చగా, చివరికి ఇటుకరంగులోకి మారి పైన తెట్టు కట్టాయి. ఫిల్టరు నీళ్లు అట్లనే ఉన్నాయి. "ఇదమ్మా మీరు తాగే ఫ్లోరైడ్" అన్నాడు. చూసినవాళ్ల ముఖాలు మారిపోయాయి. పక్కింటి పిల్లగాడు ఫోనులో తీస్తున్నాడు.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి కూడా తెలియదు. అదే దాని ప్రమాదం. గ్లాసులో కనిపించింది ఇనుప కడ్డీ. ఖనిజాలున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది, పారినప్పుడు ఇనుము కరిగి తుప్పుగా మారుతుంది. ఫిల్టరు నీళ్లలో ఖనిజాలు దాదాపు లేవు కాబట్టి కరెంటు పారలేదు, కడ్డీ కరగలేదు. ఆ నీళ్లలో చిటికెడు ఉప్పు వేయమని అడిగాను. పెద్దమ్మే లోపలి నుంచి తెచ్చి వేసింది. ఈసారి అవి కూడా నిమిషంలో ఎర్రబడ్డాయి.

మొదటి సగం వీడియో ఆ సాయంత్రానికి చుట్టుపక్కల ఊళ్ల గ్రూపులన్నిటికీ చేరింది. ఉప్పు వేసిన సగాన్ని కూడా ఆ పిల్లగాడు తీశాడు. దాన్ని ఎవరూ పంపలేదు. మొదటి సగంలో భయం, రంగు, పరిష్కారం మూడూ ఉన్నాయి. రెండో సగంలో ఒక సందేహం మాత్రమే ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ కుర్రాడు అమ్మిన రకం యంత్రం, అంటే ఆర్‌వో, ఫ్లోరైడ్‌ను నిజంగానే చాలావరకు తీసేస్తుంది. అతను చెప్పిన ముగింపు సరైనది, చూపిన రుజువు తప్పు. దీన్ని ఎదుర్కోవడం కష్టం. రుజువు తప్పంటే "అయితే ఫిల్టరు వద్దా?" అంటారు. తప్పు రుజువుతో నమ్మినవాళ్లు రేపు అదే కడ్డీలతో ఇంకేది అమ్మినా నమ్ముతారు.

పెన్ను లాంటి టీడీఎస్ మీటరు కూడా ఇంతే. అది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో అంచనా చెప్తుంది, ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. టీడీఎస్ తక్కువ చూపే నీళ్లలో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండొచ్చు, ఎక్కువ చూపే నీళ్లలో హద్దులోపే ఉండొచ్చు. ఫ్లోరైడ్‌ను పట్టే మామూలు పరీక్షలో జిర్కోనియం కలిసిన రంగు ద్రావణం వాడతారు. ఫ్లోరైడ్ పెరిగినకొద్దీ ఆ ఎరుపు పాలిపోయి పసుపు దిక్కు పోతుంది, ఆ రంగును పట్టికతో పోల్చి అంకె చెప్తారు. ఇక్కడా రంగు మారుతుంది, కానీ అది అంకె కోసం.

నిజం నుంచి పుట్టిన చిట్కాలు

నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని ఒక పోస్టు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ ఆవిరి కాదు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న రెండు లీటర్ల నీళ్లలో మొత్తం 6 ఉంటుంది. మరిగి లీటరున్నర మిగిలితే అదే 6 ఆ లీటరున్నరలో ఉంటుంది, అంటే లీటరుకు 4. కాచినకొద్దీ పెరిగింది.

కుండలో పటిక తిప్పితే చాలని ఇంకొకటి. నల్లగొండ టెక్నిక్‌లో పటిక వాడతారన్నది నిజం. అయితే అందులో లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక, తగినంత సున్నం, కలియబెట్టడం, గంటల పాటు తేర్చడం ఉన్నాయి. నీళ్ల క్షారత్వాన్ని బట్టి మోతాదు మారుతుంది. అడుగున చేరిన మడ్డిని దూరంగా పారేయాలి. బురద తేరడానికి రెండు చుట్లు తిప్పే పటికతో ఇది కాదు.

చింతపండు కథ నాకు ఇంకా ఇష్టం. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కొద్దిమంది మగపిల్లలకు రోజూ చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. 2002లో అచ్చయిన మంచి పరిశోధన, మన పులుసు గురించి మన హైదరాబాద్‌లో చేసింది. గ్రూపులో అది "చింతపండు తింటే ఫ్లోరోసిస్ నయం" అయింది. మూత్రంలో కొంచెం ఎక్కువ పోవడం ఒక మాట, ముప్పై ఏండ్లు ఎముకలో చేరింది దిగడం ఇంకో మాట. పైగా తరతరాలుగా పులుసు తిన్న ఊళ్లలోనే ఈ జబ్బు వచ్చింది.

తప్పు మనదా, ఫోనుదా?

ఎంఐటీ పరిశోధకులు 2018లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద లెక్క వేశారు. 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను చూశారు. అబద్ధాన్ని రీట్వీట్ చేసే అవకాశం నిజం కన్నా 70 శాతం ఎక్కువని తేలింది. దానికి కారణం తమంతట తామే పోస్టులు పెట్టే ప్రోగ్రాములు, అంటే బాట్లు కాదు, మనుషులేనన్నారు. ఇది చదివి చాలామంది "అబద్ధం ఎప్పుడూ నిజం కన్నా వేగంగా పోతుంది" అని రాశారు. కానీ ఆ పరిశోధన ముఖ్యంగా చూసింది నిజనిర్ధారణ సంస్థలు తీసుకున్న కథనాలను, అంటే ఎవరికో అనుమానం వచ్చినవాటిని. 2021లో అదే డేటాను ఇంకో ఇద్దరు పరిశోధకులు మళ్లీ చూశారు. ఒకే సైజులో వ్యాపించిన నిజాన్నీ అబద్ధాన్నీ పక్కపక్కన పెడితే అవి పాకే తీరులో తేడా దాదాపు కనిపించలేదు. అబద్ధానికి వేరే రెక్కలు లేవు, ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి అంటుకునే గుణం ఎక్కువ, అంతే. అబద్ధాల గురించిన పరిశోధన కూడా కొలత పోగొట్టుకునే తిరుగుతోందన్నమాట.

యాప్ కట్టిన తీరులోనే దోషం ఉందనేవాళ్ల మాటలో బలం ఉంది. వాట్సాప్ 2018లో మన దేశంలో ఒక మెసేజును ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా ఆపింది. 2020లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారినదాన్ని ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. మనుషులు మారకపోయినా బొటనవేలికి పని పెరిగింది. ఇంకొందరు మనుషుల సంగతి చూడాలంటారు. పంపేటప్పుడు మనసు ఇది నిజమా అని కాదు, ఇది మావాళ్లకు పనికొస్తుందా అని ఆలోచిస్తుందని. మా తమ్ముడు వీడియో పెట్టింది అబద్ధం చెప్పాలని కాదు, అక్క పిల్లల మీద ప్రేమతో. ఆ ప్రేమను తప్పుపట్టి గెలిచేవాళ్లు ఉండరు.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారనే పుకార్లు వచ్చినప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపారు. డప్పు, పాట పెట్టి చెప్పించారు. ఫోనులో వచ్చిన భయానికి ఫోనులోనే జవాబు పెట్టి ఊరుకోలేదు, మనిషి ఎదురుగా నిలబడి చెప్పారు. సైన్సు విషయాల్లో ఆ పని చేసేవాళ్లు చాలా తక్కువ. మన నీళ్ల పరీక్ష రిపోర్టులు ఇప్పటికీ చాలావరకు ఇంగ్లిష్ పట్టికల్లోనే ఉంటాయి. తెలుగులో తెలిసినవాళ్లు చెప్పని చోట తెలియనివాళ్లు చెప్తారు.

నల్లమల నేర్పింది

ఇంత చెప్పాక సోషల్ మీడియా లేకుంటే బాగుండునని అనిపించవచ్చు. నాకు అనిపించదు, దానికి కారణం 2019.

ఆ ఏడాది మే నెలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నల్లమల చెంచుల మాట అంతకుముందు ఏ పత్రికలోనైనా మూడో పేజీ దాటేది కాదు. ఆ ఎండాకాలం నుంచి వానాకాలం దాకా అది ప్రతి ఫోనులోకీ వచ్చింది. సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

అదే రోజుల్లో నాకు వచ్చిన పోస్టుల్లో అన్వేషణను, గనిని, అణువిద్యుత్ కేంద్రాన్ని ఒకటే చేసి రాసినవి ఎన్నో. ఎక్కడివో తెలియని జబ్బుపడిన పిల్లల ఫొటోలు, నల్లమల పేరుతో. నిజమైన ప్రశ్నలు వేరే ఉన్నాయి. అడవిలో వేల బోర్లు వేస్తే నీటి ఊటలేమవుతాయి? తవ్వాక మిగిలే మడ్డిలోని రేడియంను ఎక్కడ దాస్తారు? యురేనియం కిరణాల కన్నా ముందు మూత్రపిండాలకు చేటుచేసే లోహం. తాగునీటిలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, ఇప్పుడు మన నీళ్లలో ఎంతుంది? ఈ ప్రశ్నలు అడిగినవాళ్లు లేకపోలేదు, ఆ ఫొటోల కింద పడిపోయారు. అబద్ధపు ఫొటోలైనా అడవిని కాపాడాయి కదా అనే మిత్రులు నాకున్నారు. వాళ్ల ఆత్రం నాకు అర్థమవుతుంది. అయినా ఒప్పుకోలేను. రేపు ఎవరో అధికారి ఆ ఒక్క ఫొటోను చూపించి, చెంచులు చెప్పిందంతా అబద్ధమే అనగలడు.

పెద్దమ్మకు జవాబు

ఆ రోజు రాత్రి నేను పెద్దమ్మకు నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపాను. రెండూ ఒకటేనని, తేడా ఎంత అన్నదాంట్లోనే ఉందని, కారం చెంచా ఉదాహరణతో చెప్పాను. కృష్ణా నీళ్ల కుళాయి వచ్చాక తాగే నీళ్ల బాధ చాలా తగ్గిందని, చేను దగ్గర తాగే బోరు నీళ్ల సంగతే తెలియాలని అన్నాను. తెల్లారి ఆమె గ్రూపులోనే అడిగింది: "మరి మన చేను కాడి బోరుల ఎంతున్నదో ఎవరన్న చూసిన్రా?"

అందరం చూశాం ఆ మెసేజును. ఆ బోరు వేసి పద్దెనిమిదేళ్లు. మా ఇంట్లో ఇద్దరు ఇంజనీర్లు, ఒక నర్సు, ఒక టీచరు ఉన్నారు.

వారం తర్వాత పెద్దమ్మ ఆ బోరు దగ్గర ఒక ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, నింపి, మూత బిగించింది. గాజు వద్దని నేనే చెప్పాను, గాజు ఫ్లోరైడ్‌తో చర్య జరుపుతుంది. సీసా మీద ఊరు పేరు, బోరు గుర్తు, తారీఖు మనుమరాలితో రాయించి, నల్లగొండ పోయే మొదటి బస్సులో గ్రామీణ నీటి సరఫరా ల్యాబుకు ఇచ్చి రమ్మని మా బావ చేతికి ఇచ్చింది.